పిడికెడు బియ్యం

మా మనవరాలికి నాలుగేళ్ళు. మొన్నొక మధ్యాహ్నం వరండాలో బొమ్మలన్నిటినీ వరసగా కూర్చోబెట్టి కుటుంబ ప్రార్థన ఆట మొదలుపెట్టింది. నేను లోపల మంచం మీద ఒరిగి కిటికీలోంచి వింటున్నాను. ఒక ఎలుగుబంటి, జుట్టూడిన పిల్లబొమ్మ, చక్రం పోయిన లారీ. లారీ కూడా విశ్వాసే. "అందరూ కళ్ళు మూసుకోండి" అంది. కాస్త ఆగి, "మూసుకోమన్నానా?" అంటూ ఎలుగుబంటి నెత్తిన ఒకటిచ్చింది. "ఆ ఫోన్ పక్కన పెట్టు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" ఆ వెంటనే గొంతు మారిపోయింది. మెత్తగా, సాగదీస్తూ, కాస్త ముక్కుతో, "ప్రేమగల మా పరలోకపు తండ్రీ..." అని అందుకుంది.

నవ్వు ఆపుకోలేక దిండులో మొహం దాచుకున్నాను. నవ్వయ్యాక మాత్రం కునుకు పట్టలేదు. ఆ మెత్తటి గొంతు నాది. ఎలుగుబంటిని కసిరిన గొంతూ నాదే. సాయంత్రం ప్రార్థనకి కూర్చునేముందు మా ఇంట్లో జరిగే తంతంతా ఆ పిల్ల ఉన్నదున్నట్టు దించేసింది. దేవుడికొక గొంతు, ఇంట్లోవాళ్ళకొక గొంతు ఉంటాయని దానికి అర్థమైపోయింది. నేనెప్పుడూ అలా చెప్పలేదు. నేను చెప్పినవి వేరే ఉన్నాయి. నోవహు ఓడ, దావీదు వడిసెల, ఐదు రొట్టెలు రెండు చేపలు. అవన్నీ నోరు తెరుచుకుని వింది. ఆటలోకి మాత్రం ఇది తెచ్చుకుంది.

సండే స్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. పిల్లలకి భక్తి ఎలా నేర్పాలి టీచరుగారూ అని కొత్తగా తల్లులైనవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. ఒకప్పుడు జవాబు నోటి చివరే ఉండేది. ఇప్పుడు ఆ ప్రశ్న వినగానే మా అవ్వ బియ్యం డబ్బా కళ్ళముందుకొస్తుంది. దాన్ని ఎలా విప్పి చెప్పాలో తెలియక, "చూద్దాంలేమ్మా" అనేస్తుంటాను.

మాది ఒంగోలుకి ఉత్తరాన, గుండ్లకమ్మ పక్కన ఒక పల్లె. అవ్వ, అంటే మా నాన్నను కన్నతల్లి, పొద్దుగూకేవేళ పొయ్యి రాజేసి ఎసరు పెట్టేది. చేటలో బియ్యం ఏరి, కడగబోయే ముందు కుడిచేత్తో పిడికెడు తీసి, గోడవారగా ఉన్న పాలపొడి డబ్బాలో పోసేది. అది దేవుని బియ్యం. పూటకి పిడికెడు. ఆదివారం ఆ డబ్బా అవ్వ చంకలో గుడికి వెళ్ళి, వాడలోని ఆడవాళ్ళందరి డబ్బాలతో పాటు ఒకే గంపలోకి ఒలికేది. కొంత పాస్టరుగారింటికి, కొంత ఆరాధనయ్యాక వేలానికి. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, కూలికి కొలిచిన నూకలు అన్నీ కలిసిన ఆ బియ్యాన్ని అయ్యగారింట్లో ఎట్లా వండుకునేవాళ్ళో పాపం. అది ఒక్క తీరున ఉడికే అన్నం కాదు.

ఒక ఎండాకాలం సంగతి. పొలం పనులు లేవు, కూలి లేదు. నాకు ఏడెనిమిదేళ్ళుంటాయి. పొయ్యికి ఎదురుగా పీటమీద కూర్చున్నాను. చేటలో బియ్యం పలచగా పరుచుకుని, కిందున్న వెదురు అల్లిక కనబడుతోంది. అవ్వ అలవాటుగా పిడికెడు తీసింది, డబ్బాలో పోసింది, మూత పెట్టింది. చేట వంక చూసింది. ఇంట్లో మేం ఏడుగురం. మళ్ళీ మూత తీసి, డబ్బాలోంచి పిడికెడు వెనక్కి తీసి చేటలో వేసింది. వేస్తూ, పక్కింటావిడతో అన్నట్టు, తలైనా ఎత్తకుండా, "రేపిస్తాలే ప్రభువా, పిల్లలున్నారు" అంది. కడిగి ఎసట్లో పోసింది. నేనక్కడ ఉన్న సంగతి ఆమెకి గుర్తు లేదనుకుంటాను. మర్నాడు రెండు పిడికిళ్ళు పోసిందో లేదో నేను చూడలేదు.

దేవుడున్నాడని నాకు తెలిసింది ఆ సాయంత్రమే. అంతకుముందు వినడం వరకే. ఎవరో ఒకాయన ఉన్నాడు, ఆయనకి బాకీ పడొచ్చు, ఆయన్ని రేపటిదాకా ఆగమనొచ్చు, ఆగుతాడు కూడా. ఇంత సంగతి ఆ ఒక్క మాటలో ఉంది. అదే మాట నాకు నేర్పుదామని అవ్వ అనుకుని ఉంటే, నన్ను పిలిచి కూర్చోబెట్టి చెప్పి ఉంటే, అది మరో పాఠమై నోటుపుస్తకంలో ఉండిపోయేది. ఆమె తన అవసరానికి తాను మాట్లాడుకుంది. నేను పక్కన ఉన్నానంతే.

అవ్వకి చదువు రాదు. ఆమె అవ్వ 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందిన 2,222 మందిలో ఉందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. రాతపూర్వకంగా ఏ ఆధారమూ లేదు. ఆ ఒక్కరోజు లెక్క మాత్రం మిషన్ చరిత్రలన్నిటిలో ఉంది. ధాత కరువులో జనం రాలిపోతుంటే, ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టు పట్టి వాళ్ళకి పని చూపించాడు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పోయి, చేతిలో పెట్టడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేనప్పుడు జనం నదికి వచ్చారు.

చరిత్ర పుస్తకాలు అక్కడ ఆగి ఆ అంకె చూసి ఆశ్చర్యపోతాయి. నా ఆశ్చర్యం ఆ మర్నాటి గురించి. తడిబట్టలతో ఊళ్ళకి తిరిగి వెళ్ళిన అన్ని వేలమందికి నేర్పేదెవరు? బైబిలు చేతికిస్తే చదవగలిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉపదేశకుడు ఊరికొకడు కూడా లేడు. వచ్చినా ఏ పదిహేను రోజులకో ఒకసారి. మిగతా రోజులన్నీ పొయ్యిల దగ్గరే గడిచి ఉండాలి. అంతకు చాలా ముందే, 1866లో, బాప్తిస్మం తీసుకున్న తాళ్ళకొండపాడు పేరయ్య సంగతే చూడండి. తోళ్ళ వ్యాపారం మీద ఊరూరా తిరిగే మనిషి. ఆయన తీసుకున్నప్పుడు పక్కన భార్య కూడా ఉంది. నాకు ఆ చిన్న వివరం అంటే ఇష్టం. ఇంకా వెనక్కి వెళితే, ఒంగోలులో ప్రార్థన కొండ అని ఒకటుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగువాళ్ళు ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని అడిగిన చోటు. ఆ మనిషి, అంటే క్లౌ దొర, వచ్చేసరికి పన్నెండేళ్ళు పట్టింది. మేం చిన్నప్పుడు ఆ కొండెక్కి పరుగు పందేలు పెట్టుకునేవాళ్ళం. పెద్దవాళ్ళు పైన మోకరించి ఉంటే అంతసేపు అడగడానికి ఏముంటుందా అనుకునేవాళ్ళం.

పౌలు తిమోతికి ఉత్తరం రాస్తూ, అతని విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో కాపురం ఉండి అతని దాకా వచ్చిందంటాడు. తండ్రి పేరు ఎక్కడా చెప్పడు. లోయి ఏం నేర్పిందో కూడా చెప్పడు. ఆమె కూడా తన మనవడు వింటున్నాడని తెలియకుండానే ఏదో ఒక సాయంత్రం ఏదో ఒక మాట అనేసి ఉంటుందని నా ఊహ.

ఇంత తెలిసిన నేను తల్లినయ్యాక ఏం చేశానో చెప్పాలి. బడిపంతులమ్మని కదా, ఇంటిని బడి చేశాను. రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. గోడకి చార్టు, కంఠతా వాక్యం అప్పచెబితే ఒక నక్షత్రం, తప్పితే ఖాళీ గడి. మా అబ్బాయి పదేళ్ళకే ఎన్నో కీర్తనలు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. పోటీల్లో వాడికి వచ్చిన స్టీలు గిన్నెల్లోనే ఇప్పటికీ పోపు సామాను పోసుకుంటున్నాం. కంఠతా పట్టడం తప్పని నేను అనను. చిన్నప్పుడు నాలికకెక్కిన మాట ఏ వయసులో ఏ ఆస్పత్రి బల్లమీద అక్కరకొస్తుందో ఎవరికి తెలుసు. కానీ వాడికి పదహారో ఏట ఒకరోజు ప్రార్థన ముగిసి అందరం లేస్తుంటే వాడు లేవలేదు. "అమ్మా, నువ్వు నాకు చెప్పాల్సినవన్నీ దేవుడికి చెబుతుంటావు" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఆ రాత్రి నా ప్రార్థన నేనే మననం చేసుకుంటే చెవులు వేడెక్కాయి. "ప్రభువా, నీ దాసుడు చదువు మీద శ్రద్ధ పెట్టేలా, చెడు స్నేహాలకి దూరంగా ఉండేలా, పొద్దున్నే లేచే మనసు దయచేయి." ఇందులో దేవుడి కోసం ఉన్నదెంత? కళ్ళు మూసుకుంటే వాడు ఎదురు చెప్పలేడు. ఆమేన్ కూడా అనాలి. అవ్వ ప్రార్థనలో నా పేరు ఎప్పుడు వచ్చినా నాకు ఏదో ఒకటి అడగడానికే వచ్చింది. ఒళ్ళు కాలుతోంది ప్రభువా, దానికి చెప్పుల్లేవు ప్రభువా అని. నా మీద చాడీలు చెప్పడానికి రాలేదు. ఈ సంగతి మా సంఘంలో చెబితే ఇద్దరు ముగ్గురు తల్లులు తల వంచుకున్నారు. ఒకావిడ మాత్రం, "మరి అట్లా కూడా చెప్పకపోతే పిల్లలు ఎప్పుడు వింటారండీ" అంది. నిజాయితీ ఉన్న మనిషి.

మావారు నాకంటే తక్కువ మాట్లాడే మనిషి. బైబిలు చదివేటప్పుడు కూడా వేలు పెట్టుకుని నెమ్మదిగా చదువుతారు. అబ్బాయికి ఎనిమిదేళ్ళప్పుడు చిలక్కొయ్యకి తగిలించిన చొక్కాలో వంద రూపాయలు కనబడలేదు. వాడు ఆ ముందురోజే క్రికెట్ బ్యాటు కావాలని మారాం చేసి ఉన్నాడు. అడిగితే తెలియదన్నాడు. ఆయన కొట్టారు, గట్టిగానే. సాయంత్రానికి చాకలాయన వచ్చి, బట్టల మూటలో దొరికిందని నోటు తెచ్చిచ్చాడు. ఆ రాత్రి ప్రార్థనకి అందరం కూర్చున్నాం. ఆయన పాట అందుకోలేదు. బైబిలు తెరవలేదు. వాడి ఎదురుగా నేలమీదికి దిగి కూర్చుని, "తప్పు నాది నాన్నా. నువ్వు నిజం చెప్పావు, నేను నమ్మలేదు. క్షమిస్తావా?" అన్నారు. వాడు బిత్తరపోయాడు. ఏమనాలో తెలియక నా వైపు చూశాడు. నాకూ తెలియదు. మా నాన్న గానీ, నా ఎరికలో మరే తండ్రి గానీ అట్లా అడగడం నేను చూడలేదు. చివరికి వాడు "సరేలే నాన్నా" అని, కాసేపటికి, "బ్యాటు కొంటావా?" అన్నాడు. కొన్నారు.

బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడు, తన మీద ఎవరికైనా నొప్పి ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడి రమ్మని యేసు కొండమీద చెప్పాడు. దాని మీద నేను సండే స్కూల్లో ఏటేటా పాఠం చెప్పాను, బొమ్మ గీసి మరీ. మావారు ఒక్కసారి చేశారు. దేవుడి దగ్గర తప్పు ఒప్పుకోవడం తేలిక. ఎట్లాగూ తెలిసినవాడు, తిరిగి ఏమీ అనడు. చెంపమీద వేళ్ళ అచ్చులున్న ఎనిమిదేళ్ళవాడి దగ్గర ఒప్పుకోవడం అంత తేలిక కాదు.

ఇవి ఇంటి నాలుగు గోడల మధ్య సంగతులు. గోడ దాటితే చిక్కులు ఇంకా ఉన్నాయి. వాటిని తప్పించుకుని పిల్లలకి విశ్వాసం గురించి చెప్పడం అంటే సగమే చెప్పడం. మావాడిని హైస్కూల్లో చేర్చేటప్పుడు దరఖాస్తులో కులం, మతం నింపుతుంటే పక్కన నిలబడి చూశాడు. మేం బీసీ-సీ అని రాశాం. మా బాబాయిగారి పిల్లలకి హిందూ, ఎస్సీ అని ఉంటుంది. ఆదివారం అందరం ఒకే గుళ్ళో ఒకే బెంచీమీద కూర్చుంటాం. "చిన్నతాతయ్యవాళ్ళు అబద్ధం రాయించారా?" అని వాడు అడిగాడు. అబద్ధమాడకూడదన్న ఆజ్ఞకి వాడికి చార్టులో నక్షత్రం పడి నెల కాలేదు మరి.

నేనైతే మాట తప్పించేదాన్ని. మావారు కూర్చోబెట్టి చెప్పారు. 1950లో ఒక ఉత్తర్వు వచ్చింది, హిందువు కానివాడు ఎస్సీ కాడంది. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, మనల్ని కలపలేదు. బాప్తిస్మం తీసుకుంటే కాగితం మీద కులం పోతుంది. ఊళ్ళో బావి దగ్గర పోదు. చిన్నతాతయ్యకి ముగ్గురు పిల్లలు, వాళ్ళ చదువులు. "మరి మనమెందుకు అట్లా రాయలేదు?" "మనకి నా ఉద్యోగం ఉంది కాబట్టి. ఆయన పరిస్థితి నాకుంటే ఏం రాసేవాణ్ణో నాకు తెలీదు." అంతే చెప్పారు. చిన్నతాతయ్య తప్పు చేశాడనీ అనలేదు, చేయలేదనీ అనలేదు. ఆ వయసు పిల్లాడికి ఇంత బరువెందుకని ఆ రోజు ఆయనతో పోట్లాడాను. ఇప్పుడు చూస్తే, వాడు పెద్దయ్యాక ఎన్ని సందేహాలు వచ్చినా ఇంటికి తెచ్చాడు. సందేహం ఉంటే అడగొచ్చు, నాన్నకి తెలియకపోతే తెలియదంటాడు అన్న ధైర్యం ఆ దరఖాస్తు దగ్గర వచ్చిందేమో.

ఇట్లా చెప్పుకుంటూ పోతే పెద్దలు సరిగ్గా ఉంటే పిల్లలు సరిగ్గా వస్తారని తేలినట్టు అనిపిస్తుంది. తేలదు. అదే పొయ్యి ముందు, అదే పీట మీద నా పక్కన కూర్చున్న మా తమ్ముడు గుడికి వెళ్ళడం మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. అవ్వ బియ్యం వెనక్కి తీసుకున్న సంగతి చెబితే నవ్వాడు. "నాకు గుర్తుంది. ఆకలి గుర్తుంది. దేవుడు గుర్తులేడు" అన్నాడు. నేనేమీ అనలేదు. ఆ రోజు ఆకలి నిజమే.

సమూయేలు గ్రంథం నాకు ఈ విషయంలో ఊరటా ఇస్తుంది, భయమూ పెడుతుంది. షిలోహు మందిరంలో ముసలి ఏలీ ఒకే కప్పు కింద కన్నకొడుకుల్ని ఇద్దరిని పెంచాడు, తల్లి హన్నా తెచ్చి వదిలిన పసివాడు సమూయేలునీ పెంచాడు. కన్నకొడుకులు జనం తెచ్చిన బలిమాంసంలోకి మూడు ముళ్ళ కొంకి గుచ్చించి పైకి వచ్చిందల్లా మాదే అన్నారు. దేవుడి పాత్రలో చెయ్యి పెట్టడం అదీ ఉంది, మా అవ్వ పెట్టడమూ ఉంది. ఆమె అడిగి తీసుకుంది, తన పిడికెడు తాను. వాళ్ళకి అడిగే అలవాటే లేదు. ఇక ఆ పసివాడు, రాత్రివేళ దేవుడు పేరుపెట్టి పిలిస్తే లేచి ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. అంటే దేవుడి గొంతు వాడికి ఆ ముసలాయన గొంతులాగే వినబడిందన్నమాట. నిద్ర చెడగొట్టినందుకు ఏలీ మూడుసార్లలో ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేనైతే రెండోసారికే కసిరేదాన్ని. ఎలుగుబంటిని అడిగితే చెబుతుంది. అలాంటి సమూయేలు కొడుకులు కూడా పెద్దయి లంచాలు తిన్నారని అదే గ్రంథం దాచకుండా రాసింది. హన్నా మాత్రం ఏటా ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేది. ఏడాదిలో ఎంత పెరిగుంటాడో చూడకుండానే కొలత ఊహించి కుట్టాలి. సరిపోయేదో లేదో గ్రంథంలో లేదు.

అవ్వ గురించి ఇంకొకటి ఉంది. పగలంతా నడుం వంచి పని చేసిన మనిషి కదా, రాత్రి ప్రార్థనలో మోకాళ్ళ మీదే నిద్రపోయేది. తల మంచం పట్టె మీద ఆనించి, మెల్లగా గురక. మేం పిల్లలం ఒకర్నొకరు గిల్లుకుని నవ్వుకునేవాళ్ళం. మా అమ్మ లేపేది కాదు. తన పాత చీర తెచ్చి అవ్వ భుజాల మీద కప్పి, నోటిమీద వేలు పెట్టి మాకు సైగ చేసి, గుసగుసగా ఆమేన్ అనేది. అత్తాకోడళ్ళకి పగలు పడేది కాదు. ఆ సైగ మాత్రం రోజూ ఉండేది.

ఈమధ్య బీపీ మాత్రల వల్లో వయసు వల్లో నాకూ అదే వచ్చింది. పోయిన వారం మా అబ్బాయి ప్రార్థన చేస్తుండగా మోకరించి కుర్చీ మీద తల వాల్చినదాన్ని వాల్చినట్టే కునుకు తీశాను. ఎంతసేపయిందో తెలీదు. మెలకువ వచ్చేసరికి గదిలో పెద్ద లైటు ఆపేసి ఉంది. మెడ మీద ఏదో తగులుతోంది. చేత్తో తడిమితే చేతిరుమాలంత గుడ్డ, ఎలుగుబంటిది, ఒక భుజానికి కూడా చాలదు. పక్కనే నేలమీద మనవరాలు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. లారీకి నోటిమీద వేలు పెట్టి చూపిస్తోంది. "ష్. నాన్నమ్మ దేవుడి దగ్గర పడుకుంది" అంది. ముక్కుతో సాగదీయలేదు. మామూలుగా మాట్లాడే గొంతే.

మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. గుడ్డ జారిపోతుందని కదలకుండా ఇంకాసేపు అలాగే ఉండిపోయాను.